నిర్మల్ బొమ్మకి కారు రంగు

కొత్త కారు కొన్నవాళ్ళందరికీ ఈ మాట తెలిసే ఉంటుంది: "సార్, సిరామిక్ కోటింగ్ వేయించుకోండి, 9హెచ్ హార్డ్‌నెస్!" ఆ తొమ్మిదేంటో, ఆ హెచ్ ఏంటో చెప్పేవాడు మాత్రం దొరకడు. స్కూల్లో చదువుకున్న మోస్ స్కేలు గుర్తొచ్చి, పది అంటే వజ్రం కదా, తొమ్మిదంటే దాదాపు వజ్రమే అని మనమే లెక్కేసుకుని కార్డు గీకేస్తాం.

అసలు సంగతేంటంటే ఆ 9హెచ్ పెన్సిలు నంబరు. డ్రాయింగు క్లాసులో వాడిన హెచ్‌బీ, 2బీ, 2హెచ్ పెన్సిళ్ళ వరసలో అన్నిటికన్నా గట్టిది. వజ్రానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. కంపెనీవాడు అబద్ధం చెప్పలేదు, ఏ టెస్టులో వచ్చిన తొమ్మిదో చెప్పలేదంతే.

పరీక్షల చరిత్రలో ఇది పాత కథే. ప్రతి టెస్టూ ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నేంటో మనం మర్చిపోయి జవాబొక్కటే పట్టుకు తిరుగుతాం. కారు విషయంలో పోయేది డబ్బే కాబట్టి పర్లేదనుకోవచ్చు. కానీ ఇదే కారు రంగు మన ఆదిలాబాద్ వైపు ఒక ఊళ్ళో కొయ్యబొమ్మల మీదకి కూడా ఎక్కింది. అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

కారు రంగుని ఏమడుగుతారు?

ముందు ఆ పెన్సిలు సంగతి చూద్దాం. పెన్సిలు కొనని అరగదీసి చదును చేస్తారు. 45 డిగ్రీల కోణంలో, 750 గ్రాముల బరువుతో పూత మీద తోస్తారు. ఏ నంబరు పెన్సిలు దాకా గీత పడలేదో అదే ఆ పూత గట్టిదనం. ఐఎస్ఓ 15184 చెప్పే పద్ధతి ఇది. పెన్సిల్లో ఉండేది గ్రాఫైటూ బంకమట్టీ. కారు మీద గీతలు పెట్టేది మాత్రం ఇసుక రేణువు, అంటే క్వార్ట్‌జ్. పెన్సిలుకి లొంగని పూత ఇసుకకి లొంగదన్న హామీ ఎక్కడా లేదు. పైగా సిరామిక్ పూత మందం మహా అయితే ఒకట్రెండు మైక్రాన్లు. దాని కింద ఫ్యాక్టరీ పెయింటు సుమారు వంద మైక్రాన్లుంటుంది. కాబట్టి ఆ పూతని గాజు పలక మీద వేసి గీస్తే వచ్చే నంబరూ, కారు రేకు మీద వేసి గీస్తే వచ్చే నంబరూ ఒకటి కావు.

మిగతా టెస్టులదీ ఇదే వరస. పూత రేకుని అంటిపెట్టుకుని ఉందా లేదా చూడాలంటే బ్లేడుతో అడ్డంగా నిలువుగా గళ్ళు కోసి, టేపు అంటించి లాగుతారు. ఒక్క గడీ ఊడకపోతే 5బీ, సుమారు మూడింట రెండొంతులు దాటి లేచిపోతే 0బీ. తుప్పు కోసం ఉప్పునీటి తుంపర టెస్టు ఉంది, ఏఎస్‌టీఎం బీ117. ఇది 1939 నాటిది. ఐదు శాతం ఉప్పునీళ్ళు, 35 డిగ్రీల వేడి, ఇన్ని గంటలని లెక్క. ఈ టెస్టు ఫలితాలకీ బయట వాతావరణంలో జరిగేదానికీ పొంతన అరుదని ఆ స్టాండర్డులోనే రాసుంది. అయినా "వెయ్యి గంటలు తట్టుకుంది" అన్న మాట బ్రోషర్లలో కనిపిస్తూనే ఉంటుంది.

ఎండ కోసమైతే అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడా. రంగు పూసిన రేకుల్ని అక్కడ దక్షిణం వైపు తిప్పి నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఎండలో పెడతారు. ప్రపంచంలో కారు రంగులకి ఆ ఎండే కొలబద్ద. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన రామగుండం ఎండకి, దాని పక్కనే ఎగిరే బొగ్గు దుమ్ముకీ బూడిదకీ ఫ్లోరిడా గాలి ఎంతవరకు సరిపోతుందో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాల్సిందే.

ఇక వ్యాక్సూ పాలిషూ సంగతి. కారు పాలిష్‌ని ఎలా బేరీజు వెయ్యాలో చెప్పే ఏఎస్‌టీఎం డీ3836 అనేది ఒకటుంది. అది ఒక పద్ధతి మాత్రమే. ఇంత మార్కొస్తే పాసు, ఇంతకన్నా తక్కువైతే ఫెయిలు అని గీత గియ్యదు. అందుకే వ్యాక్సు డబ్బా మీద ఏం రాసినా చెల్లుతోంది.

ఈ పరీక్షలన్నిటినీ వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. అన్నీ ఒకే కుటుంబంలో ప్రశ్నలు. మెరుపు నిలుస్తుందా? పెచ్చులూడుతుందా? వెలిసిపోతుందా? తుప్పు పడుతుందా? కారుకి అవి చాలు. కారుని ఎవరూ నోట్లో పెట్టుకోరు కదా.

పొనికి కర్ర, చింతగింజ, తెల్లమట్టి

హైదరాబాదు నుంచి నాగపూర్ రోడ్డు పట్టుకుని సుమారు రెండొందల కిలోమీటర్లు వెళితే నిర్మల్ వస్తుంది. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు అదే ఒక జిల్లా. పదిహేడో శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడి పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. తర్వాతి కాలంలో ఫిరంగుల తయారీకీ పేరుపడింది. కానీ జనానికి గుర్తున్నవి మాత్రం బొమ్మలే. సీతాఫలం, జామపండు, నెమలి, జింక. దూరం నుంచి చూస్తే నిజం పండే అనిపించేంత పనితనం.

ఆ పనిలో రంగుది చివరి మెట్టు. అంతకుముందున్న మెట్లు కూడా చూస్తేగానీ రంగు ఎందుకు మారిందో అర్థం కాదు. కర్ర పొనికి చెట్టుది. తేలికైనది, మెత్తనిది, ఉలికి ఇట్టే లొంగుతుంది. కొండపల్లి బొమ్మలకీ ఇదే కర్ర. ముక్కల్ని విడివిడిగా చెక్కి, ఆరబెట్టి, తర్వాత అతికిస్తారు. అతికించేది చింతగింజల అంబలి. దాంట్లో రంపపు పొట్టు కలిపితే లప్పం అవుతుంది. అతుకులూ గుంటలూ దాంతోనే పూడుస్తారు. దాని మీద తెల్లమట్టి పూత. అది ఆరాక నునుపు తేల్చి, అప్పుడు రంగు వేస్తారు.

పాత రోజుల్లో ఆ రంగులు ఆకుల నుంచి, చెట్ల బంకల నుంచి, ఖనిజాల నుంచి చేసుకునేవాళ్ళు. నల్లటి నేపథ్యం మీద బంగారు ఛాయలో మెరిసే నిర్మల్ చిత్రాలకి ఆ ఛాయ ఆకు పసర్లూ నూనెలూ కలిపిన పూతలోంచి వచ్చేది. నిజాం కాలంలో అక్బర్ హైదరీ భార్య లేడీ హైదరీ ఈ పనిని చూసి ముచ్చటపడి హైదరాబాదులో ఆదరణ తెచ్చిపెట్టారు. 1955లో నిర్మల్‌లో బొమ్మల కళాకారుల సహకార సంఘం ఏర్పడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "పాతకాలపు సహజ రంగులు, కాబట్టి హాని లేనివి" అని మనవాళ్ళు చప్పున తీర్మానం చేసేస్తారు. అంత తొందర పనికిరాదు. మన దేశంలో పాత చిత్రకారులు పసుపు రంగుకి వాడిన హరిదళంలో ఉండేది ఆర్సెనిక్. ఎరుపుకి వాడిన ఇంగిలీకంలో ఉండేది పాదరసం. సిందూరం పేరుతో వాడిన రంగుల్లో సీసం ఉండేది. భూమిలోంచి తవ్వినదైనంత మాత్రాన కడుపులోకి పోవచ్చని కాదు. కాబట్టి ఇది "పాతది మంచిది, కొత్తది చెడ్డది" అనే కథ కాదు. పాతదాన్నీ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, కొత్తదాన్నీ అడగలేదు.

డ్యూకో వచ్చింది

ఇప్పుడు కాసేపు అమెరికా వెళ్ళాలి. నిర్మల్‌కి వచ్చిన కొత్త రంగు పుట్టిల్లు అదే మరి.

1920ల మొదట్లో కారుకి రంగు వెయ్యడమంటే పెద్ద యజ్ఞం. వార్నిష్ రంగులు పూత మీద పూత వేసి, ఒక్కోటి ఆరేదాకా ఆగాలి. రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల దాటేది. కారు తయారవడం కన్నా ఆరడానికి ఎక్కువ రోజులు పట్టేవన్నమాట. ఫోర్డు మోడల్ టీ 1914 నుంచి 1925 దాకా నల్లరంగులోనే వచ్చింది. తొందరగా ఆరుతుందనే నలుపు పెట్టుకున్నారని చాలామంది చెప్పే కారణం.

జనరల్ మోటర్స్ పరిశోధన విభాగం పెద్ద చార్లెస్ కెటరింగ్ చెప్పుకున్న కథ ఒకటుంది. న్యూయార్కులో ఒక నగల దుకాణం అద్దాల వెనక గుండుసూదులు పెట్టుకునే చిన్న పళ్ళెం చూశాడట. దాని మీద మెరిసే పూత ఏంటని ఆరా తీస్తూ పోతే, న్యూజెర్సీలో ఎవరో ఇంటి వెనక షెడ్డులో చేస్తున్న పని అని తేలిందట. ఆ పూత సరుకు మొదట ఎక్కడి నుంచి వచ్చిందంటే డ్యూపాంట్ కంపెనీ నుంచి! మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు పదార్థంగా గుట్టలుగా తయారుచేసిన నైట్రోసెల్యులోజే దానికి మూలం. డ్యూపాంటూ జనరల్ మోటర్సూ కలిసి దాన్ని కారుకి పనికొచ్చేలా మార్చి "డ్యూకో" అని పేరుపెట్టాయి. 1924 మోడల్ ఓక్‌లాండ్ కారు నీలిరంగు డ్యూకోతో బజారులోకి వచ్చింది. వారాల పని గంటల్లోకి దిగిపోయింది. పైగా కావలసిన రంగు.

అంటే చేతిపని వస్తువు మీద పూతగా కనపడినది కారు మీదకెక్కింది. మరో పాతికేళ్ళో ముప్ఫయ్యేళ్ళో గడిచాక మళ్ళీ చేతిపని వస్తువు మీదకే, ఈసారి మన నిర్మల్‌లో, దిగింది. ఇండియాలో డ్యూకో అనేది కంపెనీ పేరు పోయి రంగు పేరే అయిపోయింది. షెడ్డులో కారుకి స్ప్రే కొట్టేవాడూ డ్యూకో అంటాడు, మన ఫ్లాటు ఇంటీరియర్స్ వాడు కిచెన్ తలుపులకి "డ్యూకో ఫినిష్" అని రేటు చెబుతాడు.

నిర్మల్ కళాకారుడు ఎందుకు తీసుకున్నాడో ఊహించడం కష్టం కాదు. తొందరగా ఆరుతుంది. నీళ్ళు పడ్డా పోదు. తడిగుడ్డతో తుడవొచ్చు. చేతికి అంటదు. డబ్బా మూత తీస్తే రంగు తయారు, నూరక్కర్లేదు, కాచక్కర్లేదు. మెరుపు చెప్పనక్కర్లేదు. వానాకాలంలో రంగు ఆరక పని ఆగిపోయే ఇంట్లో ఇది ఎంత పెద్ద వరమో, నెలాఖరు లోపు ఆర్డరు పంపాల్సిన వాడికే తెలుస్తుంది. డ్యూకోతో పాటు ఎనామెల్ రంగులూ వచ్చాయి. చిత్రాలకి నల్లటి నున్నటి నేపథ్యం డ్యూకోతోనే కుదిరింది.

తను అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆ రంగు పాసైంది. మెరుస్తుందా, నిలుస్తుందా, ఊడకుండా ఉంటుందా? కారు కంపెనీ అడిగిన ప్రశ్నలూ ఇవే. మన భాషలో చెప్పాలంటే పాత లైబ్రరీ తీసేసి కొత్త లైబ్రరీ పెట్టారు. కొత్త దాని యూనిట్ టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. కానీ ఆ టెస్టులు రాసింది వేరే ప్రోడక్టు కోసం. ఇక్కడ ఆ వస్తువు వాడే చంటివాడి కోసం ఎవరూ ఒక్క టెస్టు కేసు కూడా రాయలేదు.

ఒక టెస్టుకి మెచ్చుకోలు, ఇంకో టెస్టుకి ఫెయిలు

రంగు అంటే ఒక్క పదార్థం కాదు. పట్టి ఉంచే జిగురు ఒకటి, పలచన చేసే థిన్నరు ఒకటి, రంగునిచ్చే పొడి ఒకటి. ఎనామెల్ అయితే తొందరగా ఆరడానికి ఇంకో మందు కూడా కలుపుతారు. సీసం వచ్చేది ఈ చివరి రెంటి నుంచి. నిమ్మపండు పసుపుకీ నారింజకీ పేరుపడ్డ పాత పొడి లెడ్ క్రోమేటు. ఆరడానికి కలిపే మందుల్లోనూ సీసపు లవణాలు వాడేవాళ్ళు.

రంగు కంపెనీలకి సీసం మీద మోజెందుకంటే, చవక. ఒక్క పూతకే కిందున్నది కనపడకుండా కప్పేస్తుంది. రంగు గాఢంగా ఉంటుంది. ఎండకి నల్లబడే గుణముంటే దానికీ విరుగుడు కనిపెట్టారు. పొడి రేణువు చుట్టూ సిలికా పూత వేసిన రకాలు ఎండకి బాగా తట్టుకుంటాయి. అవి వాహనాల రంగుల్లో విరివిగా వాడారు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. కారు టెస్టులో మార్కులు తెచ్చిపెట్టే గుణాలూ, పిల్లవాడి బొమ్మకి పనికిరాకుండా చేసే గుణమూ ఒకే పొడిలో ఉండొచ్చు. కాబట్టి "మంచి క్వాలిటీ రంగండీ, కార్లకి వాడేది" అన్న మాట బొమ్మ విషయంలో భరోసా కాదు. అది అడగని ప్రశ్నకి జవాబు.

పిల్లల బొమ్మని అడిగే ప్రశ్న ఎలా ఉంటుందో చూడండి. బొమ్మ మీద రంగుని గీకి పొడి తీస్తారు. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, 37 డిగ్రీల దగ్గర, ఒక గంట కదుపుతారు, ఇంకో గంట కదపకుండా ఉంచుతారు. 37 డిగ్రీలంటే మన ఒంటి వేడి, ఆ ఆమ్లం మన కడుపులోది. అంటే ఆ గాజు సీసా ఒక పసివాడి పొట్ట అన్నమాట. ఆ నీళ్ళలోకి ఎనిమిది మూలకాలు ఎంతెంత దిగాయో కొలుస్తారు. కిలో రంగుకి సీసం 90 మిల్లీగ్రాములు దాటకూడదు, కాడ్మియం 75, ఆర్సెనిక్ 25, పాదరసం 60. ఇది ఐఎస్ఓ 8124 మూడో భాగం. మన దేశంలో ఐఎస్ 9873 మూడో భాగం అదే.

మెరుపు గురించి ఈ టెస్టులో ఒక్క మాట లేదు. రాసినవాళ్ళు ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారో దాన్ని బట్టే తెలిసిపోతుంది. సీసం విషయంలో ఇంతవరకు పర్లేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మింగిన సీసాన్ని పసిపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. దెబ్బ పడేది ఎదిగే మెదడు మీద. ఒక్కరోజులో కనపడే జబ్బు కాదు కాబట్టి ఏ బొమ్మ వల్ల వచ్చిందో ఎవరూ పట్టుకోలేరు.

చట్టంలో ఖాళీ

ప్రపంచానికి ఈ సంగతి గట్టిగా తగిలింది 2007లో. ఆ ఆగస్టులో మాటెల్ కంపెనీ ఫిషర్-ప్రైస్ బొమ్మలు ఒక్క అమెరికాలోనే దాదాపు 9 లక్షల 67 వేలు వెనక్కి పిలిచింది. రంగులో సీసం. చైనాలో బొమ్మలు చేసిన కంట్రాక్టరుకి రంగు ఇంకెక్కడి నుంచో వచ్చింది. వెండారుకి వెండారు, వాడికింకో వెండారు. మనకి బాగా తెలిసిన గొలుసే. అమెరికా 2008లో కొత్త చట్టం చేసి, రంగులో సీసం హద్దుని 600 పీపీఎం నుంచి 90కి దించింది. 2009 ఆగస్టు నుంచి అది అమల్లోకి వచ్చింది. మన ప్రభుత్వం 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతిని ఆపేసి, తర్వాత సర్టిఫికెట్లున్నవాటికి తలుపు తెరిచింది.

మన రంగుల డబ్బాల సంగతి 2016 నవంబరులో వచ్చింది. కేంద్ర పర్యావరణ శాఖ నిబంధనల ప్రకారం ఇళ్ళకి, అలంకరణకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదు. ఏడాది గడువు తర్వాత 2017 నవంబరు నుంచి అమలు. డబ్బా మీద ఆ మాట రాయాలి కూడా. చాలా మంచి పని. కానీ ఆ నిబంధన పేరులోనే దాని పరిధి ఉంది: ఇంటి రంగులు, అలంకరణ రంగులు. పరిశ్రమలకీ వాహనాలకీ వాడే రంగులు దాని కిందికి రావు.

బొమ్మల వైపు నుంచి 2020లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, 2021 జనవరి 1 నుంచి. లైసెన్సు కావాలి, టెస్టులు కావాలి, మొదట పెట్టిన షరతుల ప్రకారం తయారీదారు దగ్గర సొంత ల్యాబు ఉండాలి. చిన్న యూనిట్లకి తర్వాత కొంతకాలం సడలింపు ఇచ్చారు. చెట్టు కింద కూర్చుని ఉలి పట్టుకునే మనిషికి ఇవన్నీ ఎలా కుదురుతాయి? కుదరవు. అందుకని 2020 డిసెంబరులో సవరణ చేశారు. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకీ, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులకీ ఈ ఉత్తర్వు వర్తించదు.

నిర్మల్ బొమ్మలకి ఆ భౌగోళిక గుర్తింపు 2000ల చివర్లోనే వచ్చింది. ఆ గుర్తింపు చెప్పేది ఒక్కటే: ఇది నిర్మల్‌లో, నిర్మల్ పద్ధతిలో చేసింది, ఇంకెక్కడో చేసి ఆ పేరు పెట్టుకోకూడదు. దొంగసరుకు నుంచి కళాకారుణ్ణి కాపాడటానికి పుట్టిన గుర్తింపది. రంగులో ఏముందని అది అడగదు.

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. కారు రంగు ఇంటి రంగుల నిబంధనలోకి రాదు. నిర్మల్ బొమ్మ బొమ్మల ఉత్తర్వులోకి రాదు. కారు రంగు వేసిన నిర్మల్ బొమ్మ? రెంటి మధ్య సందులో పడిపోయింది. మూడు నియమాలు రాసినవాళ్ళలో ఎవరి తప్పూ లేదు. విడివిడిగా చూస్తే మూడూ న్యాయంగానే ఉన్నాయి.

స్పష్టంగా చెబుతున్నా: నిర్మల్ బొమ్మల్లో సీసం ఉందని నేను అనడం లేదు. అడగాలన్న నిబంధన లేదంటున్నాను. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. ఉన్నా లేకపోయినా, కొనేవాడి చేతిలో జవాబు లేదు.

"అవి ఆడుకునేవి కావండీ, షోకేసులో పెట్టుకునేవి" అంటారు కొందరు. చాలామటుకు నిజమే. కానీ ఎర్రగా నిగనిగలాడే జామపండుని చూసి ఏడాది పిల్లకి అది అలంకరణ వస్తువని ఎలా తెలుస్తుంది? కొలువులో పెట్టిన బొమ్మ పండగ అయ్యాక పిల్లల చేతుల్లోకే పోతుంది. పైగా వస్తువు పేరే బొమ్మ.

వేరే దారి పట్టిన ఊరు

మన తెలుగువాళ్ళలోనే ఈ ప్రశ్న ముందే అడుక్కున్న ఊరొకటుంది. ఏటికొప్పాక, ఇప్పటి అనకాపల్లి జిల్లా. అక్కడ అంకుడు కర్రని తరిణె మీద తిప్పి బొమ్మలు చేస్తారు. సి.వి.రాజు గారు రసాయన రంగులు పక్కన పెట్టి, గింజలూ బెరళ్ళూ వేళ్ళూ ఆకుల నుంచి తీసిన రంగుల్ని లక్కతో కలిపే పద్ధతిని నిలబెట్టారు. ఆ పనికి ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

మరి నిర్మల్ కూడా అలాగే చెయ్యొచ్చు కదా అంటే, అంత తేలిక కాదు. ఏటికొప్పాకలో బొమ్మ గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టేస్తుంది. అందుకే అక్కడి బొమ్మలన్నీ గుండ్రంగా ఉంటాయి. నిర్మల్ జింకకి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, మెడ మీద వంపు. దాన్ని తరిణె మీద తిప్పలేరు. కుంచెతోనో స్ప్రేతోనో వెయ్యాల్సిందే. కాబట్టి నిర్మల్‌కి కావలసింది ఏటికొప్పాక రంగు కాదు, ఏటికొప్పాక అడిగిన ప్రశ్న.

ఏం చెయ్యొచ్చు?

మినహాయింపు ఎత్తేయమని నేను అనను. ఎత్తేస్తే బొమ్మలు బాగుపడవు, బొమ్మలు చేసే ఇళ్ళు మూతపడతాయి. ప్రతి డిజైనుకీ టెస్టు అంటే ఇరవై రకాల పండ్లు, పదిహేను రకాల జంతువులు, ఎవరి వల్ల అవుతుంది?

కానీ వీటన్నిటికీ కామన్‌గా ఉన్నది రంగు డబ్బా. బొమ్మని కాకుండా డబ్బాని టెస్టు చేస్తే సరిపోయేది చాలా ఉంది. చింతగింజల లప్పంలో సీసం వెతకక్కర్లేదు, పొనికి కర్రలో వెతకక్కర్లేదు. సహకార సంఘమో, గోల్కొండ షోరూములు నడిపే రాష్ట్ర హస్తకళల సంస్థో రంగుని టోకున కొని, ఒక్కో బ్యాచికి ఒక్క రిపోర్టు తెప్పించి, అదే రంగుని కళాకారులకి ఇవ్వొచ్చు. ఖర్చు సంస్థది, లాభం అందరిదీ. ఆ రిపోర్టు నంబరు బొమ్మ అడుగున చిన్న స్టిక్కరు మీద వేస్తే చాలు. అదీ కుదరనంత వరకు, వాహనాల రంగు మానేసి 90 పీపీఎం అని రాసున్న ఇంటి ఎనామెలు కొనమని చెప్పడం ఒక్క పూట మీటింగు పని.

ఇది జరగని పనేం కాదు. పక్కనే కరీంనగర్ చూడండి. అక్కడి వెండి ఫిలిగ్రీ పనికీ 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అత్తరుదాని కొనేవాడు పనితనం మెచ్చుకుని ఊరుకోడు, "వెండి ఎంత శాతం?" అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పే స్టాండర్డు ఉంది, ఐఎస్ 2112. వెండి హాల్‌మార్కు తప్పనిసరి కాకపోయినా అడిగేవాడు అడుగుతాడు. ఎందుకంటే వెండిలో మోసం మన జేబుకి తెలుస్తుంది. నగల బజార్లలో ఎక్స్‌రే మిషను మీద పెట్టి నిమిషంలో శాతం చెప్పేస్తారు. రంగులో సీసం ఉందో లేదో తొలి వడపోత పట్టే చేతి మిషన్లు కూడా అదే సూత్రం మీద పనిచేస్తాయి, కాకపోతే సీసానికి తగ్గట్టు వేరేగా సరిచూసి పెట్టుకోవాలి.

కారు కోటింగ్ వాడిని అడగాల్సింది "9హెచ్ సరే, ఏ టెస్టు, దేని మీద వేసి గీశారు?" అని. నాగపూర్ రోడ్డు మీద వెళుతూ నిర్మల్‌లో ఆగి బొమ్మ కొనేటప్పుడు అడగాల్సింది "అన్నా, ఏ రంగు వేశిన్రు? డబ్బా మీద సీసం సంగతి ఏం రాసుంది?" అని. బేరం ఆడటం మానేసి ఆ ప్రశ్న అడిగితే ఇంకా మంచిది. పదిమంది అడిగితే దుకాణంవాడు సంఘాన్ని అడుగుతాడు, సంఘం రంగు అమ్మేవాణ్ణి అడుగుతుంది. ఈ గొలుసులో మొదట నోరు తెరవాల్సింది కొనేవాడే.